రొయ్యల చెరువులు దాటితే రంగూన్

శుక్రవారం, రాజమండ్రి

2018 జనవరి. సంక్రాంతికి వచ్చినవాళ్ళంతా హైదరాబాద్ బస్సులెక్కేశాక, లాడ్జీల్లో గదులు మళ్ళీ మామూలు రేటుకి దిగాక బయల్దేరాను. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలే చోటు నుంచి సముద్రం దాకా దిగుతూ, రాత్రికో ఊళ్ళో కూర్చుని మీడియం వేవ్, అంటే పాతకాలపు ఏఎం రేడియోలో ఎంతెంత దూరపు స్టేషన్లు తగులుతాయో చూడాలని నా ఆలోచన. ఇంట్లో చెబితే "ఫోన్లో ప్రపంచంలో ఏ స్టేషన్ కావాలన్నా వస్తుంది కదా" అన్నారు. వస్తుంది, నిజమే. చేపలు బజార్లోనూ దొరుకుతాయి, అయినా గాలం వేసేవాడు గట్టున కూర్చోవడం మానడు.

జనవరిలో రాత్రులు పొడుగు, మెరుపులు తక్కువ. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల మెరిసినా ఏఎం రేడియోలో పటపటమంటుంది కాబట్టి ఎండాకాలమూ తుఫాన్ల కాలమూ ఈ పనికి అచ్చిరావు. పైగా సూర్యుడి మీద మచ్చలు బాగా తగ్గిపోయిన ఏళ్ళవి. మచ్చలు తగ్గిన కాలంలో మీడియం వేవ్ ఎక్కువ దూరం పలుకుతుంది.

సంచిలో ఉన్నవి: అరచేతి కంటే కాస్త పెద్దదైన టెక్సన్ పీఎల్-310 రేడియో, హెడ్‌ఫోన్స్, నోటు పుస్తకం, బోలెడు బ్యాటరీలు, విడదీసి మళ్ళీ బిగించుకునే చెక్క ఫ్రేమ్. ఫ్రేమ్ రెండడుగుల చదరం. దాని చుట్టూ పది పన్నెండు చుట్లు తీగ, తీగ రెండు కొసలకీ పాత వాల్వ్ రేడియోలోంచి పీకిన గ్యాంగ్ కండెన్సర్, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం. ఇదే లూప్ యాంటెనా. రేడియోకి వైరుతో కలపక్కర్లేదు. పక్కన పెట్టుకుని గ్యాంగ్ మెల్లగా తిప్పుతుంటే ఒక్క చోట గరగరలోంచి గొంతు పైకి లేస్తుంది. ఆ ఒక్క చోటు కోసమే ఈ తిప్పలన్నీ.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పగలు మీడియం వేవ్ నేలబారున మాత్రమే పోతుంది. పైకి పోయిన భాగాన్ని 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డీ పొర మింగేస్తుంది. ఆ పొరని నిలబెట్టేది ఎండే. పొద్దు గుంకిన కాసేపటికి అది చెదిరిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరల దాకా వెళ్ళి, వంగి, వందల వేల కిలోమీటర్ల అవతల నేలకి దిగుతాయి.

కోటగుమ్మం దగ్గర లాడ్జిలో రేడియో పెట్టగానే డయల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బర్రుమనే మోత. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, కారిడార్లో సీసీ కెమెరాలు, లిఫ్టు, అన్నీ కలిసి చేస్తున్న మోత అది. ఆ మోతని తోసుకుని 837 కిలోహెర్ట్జ్‌లో విజయవాడ, 927లో విశాఖ వచ్చాయి. మేడ మీదికెళ్తే 738లో హైదరాబాద్ కూడా. ఆ రాత్రికి అంతే. మిగతాది రోజ్‌మిల్క్.

శనివారం, కోనసీమ

రావులపాలెం మీదుగా అమలాపురం, అక్కణ్ణుంచి ఆటోలో మావయ్య వాళ్ళ ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు, ఇంటి వెనక పంట కాలువ. దారిలో ఆటోవాలా నా చెక్క ఫ్రేమ్ చూసి "పటాలు కట్టే పనాండీ?" అని అడిగాడు. రేడియో కోసమంటే, "ఆయ్, ఇంకా వస్తన్నాయా అండీ రేడియోలు!" అన్నాడు.

మావయ్య ఇంట్లో ఇంకా వస్తున్నాయి. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆయన పుట్టిందీ ఆ ఏడే. "నాతో పుట్టిందిరా అది, నాకంటే ముందు మూగబోతే ఊరుకోను" అంటాడు. పొద్దున్నే భక్తిరంజని లేకపోతే కాఫీ దిగదు. రేడియో పాత ఫిలిప్స్ ట్రాన్సిస్టర్, తోలు తొడుగు చిరిగిపోతే అత్తయ్య పాత జాకెట్టు గుడ్డతో కుట్టిపెట్టింది.

సాయంత్రం అరుగు మీద లూప్ బిగించాను. లాడ్జి కంటే నయమే కానీ ఒక సన్నటి జుయ్యిమనే చప్పుడు వదలడం లేదు. రేడియో చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పశువుల పాకలో కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ బల్బు దగ్గర మోత ఎక్కువైంది. అది ఆపితే సగం పోయింది. మిగతా సగం టీవీ సెట్‌టాప్ బాక్స్‌ది. అత్తయ్య సీరియల్ చూస్తోంది. తొమ్మిదిన్నర దాకా ఆగాల్సిందేనని మావయ్య కళ్ళతోనే చెప్పాడు.

తొమ్మిదిన్నరకి మెయిన్ తీసేశాం. దోమలు, చీకటి. 612లో బెంగళూరు, 657లో కలకత్తా, 720లో చెన్నై, ఒకదాని తర్వాత ఒకటి వచ్చేశాయి. 594లో చిన్సురా ట్రాన్స్‌మిటర్ నుంచి ఆకాశవాణి మైత్రి, 1000 కిలోవాట్లు. బంగ్లాదేశ్ శ్రోతల కోసమని 2016లో మొదలుపెట్టారు. డయల్ మీద కాస్త పైకి వెళ్తే 693లో ఢాకా నుంచి బంగ్లాదేశ్ బేతార్, అదీ 1000 కిలోవాట్లే. ఒకరికొకరు వినిపించుకుంటున్న ఆ బెంగాలీ అంతా కోనసీమ అరుగు మీద మావయ్యా నేనూ విన్నాం. ఢాకా గొంతు ఒక నిమిషం పక్కింట్లోంచి వస్తున్నంత గట్టిగా, మరో నిమిషానికి అడుగంటిపోతూ ఉంది. ఆకాశంలో రెండు దారుల్లో వచ్చిన తరంగాలు ఒకసారి కలిసొచ్చి, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల అలా అవుతుంది.

అప్పుడు మావయ్య 96 తుఫాను సంగతి ఎత్తాడు. ఆ ఏడు నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి.

"కరెంటు రావడానికి వారాలు పట్టిందిరా. ఎవరు ఎక్కడున్నారో, సరుకులు ఎప్పుడొస్తాయో, అన్నీ విజయవాడ స్టేషనే చెప్పాలి. రాత్రిళ్ళు నిద్రెక్కడ పడుతుంది? ఊరికే తిప్పుతా కూర్చునేవాణ్ణి. ఒక రాత్రి ఎవరో ఆడమనిషి పాట. ముక్కుతో తీసి పాడుతోంది. మధ్యమధ్యలో చిన్న గంట టింగుమనడం, వెంటనే చెక్కతో కొట్టినట్టు టక్కు. మన దేశపు పాట కాదురా అది. మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు."

గంట, చెక్క అనగానే నాకు బర్మా గుర్తొచ్చింది. వాళ్ళ సంప్రదాయ సంగీతంలో తాళం అలాగే వేస్తారు. ఆ రాత్రుల్లో జిల్లాలో చాలామేర కరెంటు లేదు. అంటే మోటార్లు, ట్యూబ్‌లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రొద ఏదీ లేదు. ఉత్త ట్రాన్సిస్టర్‌కి బంగాళాఖాతం అవతలి స్టేషన్ తగలడంలో వింతేమీ లేదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి కూలికి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉండేవారు. 1942లో జపాన్‌వాళ్ళు బర్మా మీద పడ్డాక అడవులు దాటి నడిచొచ్చినవాళ్ళ కథలు మావయ్య చిన్నప్పుడు విన్నాడు. ఆ పాట తాలూకు స్టేషన్ పట్టాలని అప్పుడే అనుకున్నాను.

పదకొండూ పదికి ఆకాశవాణి స్టేషన్లు ఒక్కొక్కటీ మూసేశాయి. మావయ్య అప్పటికే గురక పెడుతున్నాడు.

ఆదివారం, పాలకొల్లు నుంచి భీమవరం దాకా

రాజోలు, చించినాడ వంతెన, పాలకొల్లు. వంతెన మీంచి గోదావరి పాయ వశిష్ఠ చాలా బాగుంటుంది. ఆ రోజు గురించి చెప్పగలిగిన మంచి మాట ఇదొక్కటే.

కాలేజీ స్నేహితుడికి భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఊరికి దూరంగా, గట్ల మధ్య కాపలా షెడ్డు, ఎటు చూసినా నీళ్ళు. రేడియోకి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపించేలా ఉంది. ఆరు దాటేసరికి ఒక్కో చెరువులో ఏరియేటర్లు మొదలయ్యాయి. తెల్లటి రెక్కల చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటే చూడటానికి పండగలా ఉంది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం చెవులు చిల్లులు పడ్డాయి. స్టార్టర్లు ఆన్ అయినప్పుడల్లా ఠప్పుమంటుంది. గట్ల మీద ఫ్లడ్ లైట్లు వేరే. ఆరు మైళ్ళ అవతల ఉన్నట్టు పలికే విజయవాడ కూడా అడుగున ఎక్కడో నసుగుతోంది.

స్నేహితుడు చెప్పిన లెక్క ఇది. పగలు చెరువులో నాచు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ నాచే రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చేస్తుంది. తెల్లవారుజాముకి నీళ్ళలో బాగా తగ్గిపోతుంది కాబట్టి రాత్రంతా నీళ్ళు చిలుకుతూనే ఉండాలి. 2009 తర్వాత వనామీ రొయ్య వచ్చి, చెరువుకి పిల్ల ఎక్కువ వేయడం మొదలయ్యాక మోటార్లూ పెరిగాయి. పొద్దు గుంకగానే ఆకాశంలో డీ పొర కరిగి నా దారి తెరుచుకుంటుంది, అదే పొద్దు గుంకడం వల్ల ఇక్కడ మోటారు తిరుగుతుంది. రెండింటికీ సూర్యుడే కారణం, ఇద్దరం ఒకే వేళకి పనిలోకి దిగుతున్నాం.

"ఒక్క అరగంట ఆపితే?" అన్నాను.

"నీ రంగూన్ కోసం నా రొయ్యలు తేల్చమంటావేంట్రా?"

ఆ మాటకి జవాబు లేదు. పులస సీజన్ కాకపోయినా రొయ్యల వేపుడు బ్రహ్మాండంగా ఉంది. తిని పడుకున్నాను.

సోమవారం, అంతర్వేది

నర్సాపురం రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. బైకులు, పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, ఒక పెళ్ళి బృందం. అక్కణ్ణుంచి అంతర్వేది. మాఘశుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, ఏకాదశికి రథం. ఇంక నాలుగైదు రోజులే ఉండటంతో గుడి చుట్టూ పందిళ్ళు, సీరియల్ లైట్లు, మైకు టెస్టింగులు. నేను వాటన్నింటికీ వీపు పెట్టి, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడిచాను. లైట్‌హౌస్ దాటి ఇసుకలోకి వెళ్ళేసరికి కరెంటు తీగలు వెనకబడ్డాయి.

మధ్యాహ్నం రెండింటికి, నెత్తి మీద ఎండలో, ఊరికే 720 పెట్టి చూశాను. తమిళం. చెన్నై ఇక్కడికి దాదాపు 400 కిలోమీటర్లు. పగలు ఆకాశం మూసే ఉంటుంది కాబట్టి ఇది నేలబారున వచ్చిందే. అయితే ఇక్కణ్ణుంచి చెన్నైకి గీత గీస్తే మొత్తం సముద్రం మీంచే పోతుంది. ఉప్పునీటికి మామూలు నేల కంటే వందల రెట్లు ఎక్కువ విద్యుద్వాహకత. మీడియం వేవ్ తరంగం దాని మీద పెద్దగా అరక్కుండా జారుకుంటూ వచ్చేస్తుంది. శనివారం అమలాపురంలో మధ్యాహ్నం ఇదే 720లో గరగర తప్ప ఏమీ లేదు. ఇసుకలో యాభై అడుగులు ముందుకి జరిగి నీటి అంచున నిలబడితే సిగ్నల్ అంకె ఇంకా పెరిగింది. నాకు ఆ రోజు అక్కడే కడుపు నిండిపోయింది.

నాలుగింటికి వలలు ఆరబెట్టుకుంటున్న ఇద్దరు దగ్గరికొచ్చారు. పెద్దాయన లూప్ చుట్టూ తిరిగి చూసి, "ఏంటండీ ఇది, గాలిపటమా?" అన్నాడు. చెప్పాను. "మేవూ రేడియో వినేవోళ్ళవండీ, వాయుగుండం పట్టిందంటే అదే దిక్కు. ఇప్పుడు పోన్లొచ్చేసినియ్యి." చిన్నవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెన్నై విని, తమిళ పాట కదాని ఆసక్తి పోగొట్టుకున్నాడు.

ఇక్కడ పొద్దు ఆరు లోపే గుంకుతుంది. రంగూన్‌లో దాదాపు గంట ముందే గుంకిపోతుంది. అందువల్ల మనకి సంధ్య పడేసరికి తూర్పు దారంతా అప్పటికే చీకటిగా ఉంటుంది. పడమటి వైపు, అంటే కేరళ వైపు, ఇంకో అరగంట దాకా వెలుగుంటుంది. 576లో రెండు స్టేషన్లున్నాయి: ఆలప్పుళ ఆకాశవాణి, మయన్మార్ రేడియో. కాస్త ఆగితే ఆలప్పుళ వచ్చి మీద కూర్చుంటుంది. ఆ అరగంటే మనది.

5:50కి 576 మీద పెట్టి లూప్‌ని తూర్పుకి తిప్పాను. మొదట ఉత్త గాలి హోరు. కాసేపటికి ఆ హోరు అడుగున ఏదో ఉందన్న అనుమానం. గ్యాంగ్‌ని వెంట్రుకవాసి జరిపాను. ఒక మగ గొంతు, వార్తలు చదువుతున్నట్టు ఒకే ఎత్తున, మాటల చివర్లు గొంతులో ఆగిపోతూ. రేడియోలో బ్యాండ్‌విడ్త్, అంటే ఒకసారికి పట్టుకునే వెడల్పు, 3 కిలోహెర్ట్జ్‌కి తగ్గిస్తే హోరు పల్చబడింది. బర్మీస్ భాష నాకు రాదు, కానీ మూడు వాక్యాలకోసారి "మయన్మా" అన్న మాట స్పష్టంగా వినిపిస్తోంది. ఫోన్ దగ్గర పెట్టి రికార్డు చేశాను. మధ్యలో గిటార్‌తో ఒక పాట వచ్చింది. 1500 కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతా నీళ్ళే. 6:20కి కింద నుంచి మలయాళం వార్తలు లేచాయి, పది నిమిషాల్లో రంగూన్‌ని కప్పేశాయి.

తర్వాత 684. ఇక్కడ కోళికోడ్, పోర్ట్‌బ్లెయిర్ రెండూ ఉన్నాయి. రెండూ ఆకాశవాణే, రెండూ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగంగా వస్తున్నాయి. లూప్ పనితనం ఇలాంటి చోటే తెలుస్తుంది. లూప్ అంచు ఎటు చూస్తే అటు బాగా పట్టుకుంటుంది, దాని ముఖం ఎటుంటే అటు చెవుడు. కాబట్టి కావలసిన స్టేషన్ వైపు తిప్పడం కంటే వద్దనుకున్నదాని వైపు ముఖం పెట్టడమే మేలు. కోళికోడ్ నైరుతిలో ఉంది. అటు ముఖం పెట్టి, వేలితో రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ జరుపుతుంటే, ఒక్క చోట మలయాళం టక్కున కింద పడిపోయింది. పైన హిందీ పాట మిగిలింది. పాట అయ్యాక, "యే ఆకాశవాణీ కా పోర్ట్ బ్లేయర్ కేంద్ర్ హై." అంతర్వేది నుంచి 1300 కిలోమీటర్లు. అండమాన్లలో మన శ్రీకాకుళం వాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో ఎవరో ఇదే పాట వింటూ అన్నం తింటుండొచ్చు.

రాత్రి ముదిరాక డయల్ పై చివరకి వెళ్ళాను. 1566లో నాగపూర్, 1000 కిలోవాట్లు. రాత్రంతా నడిచే ఆకాశవాణి నేషనల్ చానల్ ఇందులోనే వచ్చేది. 1988 నుంచి లారీ డ్రైవర్లకీ వాచ్‌మన్లకీ నిద్రపట్టని ముసలివాళ్ళకీ తోడున్న చానల్ అది. దానికి తొమ్మిదే కిలోహెర్ట్జ్‌ల అవతల 1575లో థాయ్‌లాండ్ నుంచి వాయిస్ ఆఫ్ అమెరికా, అదీ 1000 కిలోవాట్లు. అంత బలమైన రెండు స్టేషన్లు అంత దగ్గర్లో ఉన్నా ఈ బుల్లి రేడియో విడదీసి చూపించింది. నేను విన్న ఆ నేషనల్ చానల్‌ని మరుసటి ఏడాది జనవరిలో మూసేశారు. ఖర్చు తగ్గించుకోవడానికని అన్నారు. ట్రాన్స్‌మిటర్ కరెంటు బిల్లు పెద్దదే కావచ్చు. కానీ రాత్రి రెండింటికి ఒక దేశం మేలుకుని మాట్లాడుతూ ఉండటానికి ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చని నా అభిప్రాయం.

పదకొండూ పది దాటి మనవాళ్ళు మూసేశాక 1521 ఖాళీ అయింది. ఔరంగాబాద్ ఉండే చోటు. ఒంటి గంట తర్వాత అక్కడ ఖురాన్ పఠనం, నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ. ఎర్ర సముద్రం ఒడ్డున సౌదీ అరేబియాకి ఈ అంకె మీద 2000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఉంది. అదే అయ్యుండాలి. కానీ స్టేషన్ పేరు నా చెవిన పడలేదు, అందుకని పుస్తకంలో ఎదురుగా ప్రశ్న గుర్తు పెట్టాను. అంకె చూసి పేరు రాసేసుకోవడం ఈ సరదాలో అన్నిటికంటే సులువు, అన్నిటికంటే పనికిమాలిన పని.

మంగళవారం తెల్లవారుజాము

కాస్త కునుకు తీసి అయిదున్నరకి లేచాను. మంచుకి లూప్ తీగ తడిసిపోయి గ్యాంగ్ మరో చోట ట్యూన్ అవుతోంది. తువ్వాలుతో తుడిచాను.

5:55 కోసం కాచుకున్నాను. ఆ నిమిషానికి దేశంలో ఆకాశవాణి స్టేషన్లు వరసగా నిద్రలేస్తాయి. తంబురా శ్రుతి మీద వయొలిన్, ఆ ట్యూన్ అందరికీ తెలిసిందే. హిట్లర్ కాలంలో యూరప్ వదిలి బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ 1930లలో కట్టాడు. నేను కింద నుంచి మొదలుపెట్టి తొమ్మిదేసి కిలోహెర్ట్జ్‌లు పైకి జరుగుతూ పోయాను. 612లో ట్యూన్. 657లో ట్యూన్. 720లో, 738లో. కొన్నిచోట్ల ఒక క్షణం ముందు, కొన్నిచోట్ల ఒక క్షణం వెనక. 837కి వచ్చేసరికి వందేమాతరం మొదలైపోయింది.

వెలుతురు తూర్పు నుంచి వస్తుంది కనక ముందు తూర్పు పోతుంది. పోర్ట్‌బ్లెయిర్ ఆరుకే మాయం. పడమటి వైపు ఇంకా చీకటే. 1071లో రాజ్‌కోట్ ట్రాన్స్‌మిటర్ మీద ఉర్దూ సర్వీస్ ఏడు దాకా నిలబడింది. ఏడున్నరకి విజయవాడ, విశాఖ, సముద్రం మీంచి చెన్నై మిగిలాయి. గుడి మైకులో సుప్రభాతం అందుకున్నారు. నేను ఫ్రేమ్ విప్పి సంచిలో పెట్టుకున్నాను.

పంటు కోసం సఖినేటిపల్లి రేవులో టీ తాగుతూ పోర్ట్‌బ్లెయిర్ రిపోర్టు చిత్తుప్రతి రాసుకున్నాను. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, ఏ పాట తర్వాత ఏ మాట వచ్చింది, సిగ్నల్ బలమెంత, పక్క స్టేషన్ అడ్డం ఎంత. ఢిల్లీ ఆకాశవాణి భవన్‌కి పంపితే, వివరాలు సరిపోతే, విన్నట్టు ధ్రువీకరిస్తూ క్యూఎస్ఎల్ కార్డు పంపుతారు.

తర్వాత మావయ్యకి ఫోన్ చేసి రంగూన్ రికార్డింగ్ వినిపించాను. వార్తలు, గిటార్ పాట, మొత్తం ఓపిగ్గా విన్నాడు.

"గంట ఏదిరా?"

"ఈసారి గంట రాలేదు మావయ్యా. ఇది అక్కడి స్టేషనే."

"ఏమోరా, ఇది సినిమా పాటలా ఉంది. నేను విన్నది ఇది కాదు. ఆ చట్రం ఓసారి ఇక్కడే పెట్టి చూద్దాం. కరెంటు తీసేసే రోజు చూసుకుని రా."

"లైన్ పనులకి పగలు కదా తీస్తారు? మనకి రాత్రి కావాలి."

"లైన్‌మన్‌ని అడుగుతానుండు. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు."